సర్టిఫైడ్ వైర్‌లెస్ మాడ్యూల్ కొన్నాక అసలు పని: ఒంటిమీద ఉండే పరికరాలు చేసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

మీ జేబులోని మొబైల్ ఫోను అమెరికా రేడియో నిబంధనల భాషలో 'మొబైల్' కాదు. వినడానికి తమాషాగా ఉంటుంది గానీ ఈ వ్యాసంలో సగం గొడవ ఆ తేడా దగ్గరే. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ లెక్కలో, మామూలుగా వాడేటప్పుడు యాంటెనా మనిషి ఒంటికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండే పరికరం 'మొబైల్'. అంతకన్నా దగ్గరకు వచ్చేది 'పోర్టబుల్'. అలమారా మీద కూర్చున్న వైఫై రౌటర్ మొదటి కోవ. చెవికి ఆనించుకునే సెల్‌ఫోను, మణికట్టుకు కట్టుకునే బ్యాండు, మెడలో వేసుకునే ట్రాకర్ రెండో కోవ.

మాడ్యూల్ అంటే రేడియో చిప్పు, దానికి కావాల్సిన సర్క్యూట్ కలిపి ఒకే ముక్కగా తయారుగా అమ్మేది. దాని గురించి చిన్న టీముల్లో ఎక్కువగా వినపడే మాట ఒకటుంది: "మాడ్యూల్‌కి సర్టిఫికెట్ ఉంది కదన్నా, ఇంక మనకెందుకు టెన్షన్?" ఇందులో నిజం సగమే. ఆ సర్టిఫికెట్ షరతుల మీద ఇచ్చింది. మీ డిజైన్ ఆ షరతులు దాటిందంటే మాడ్యూల్ మీద ముద్రించిన నంబరు మిమ్మల్ని కాపాడదు.

ఒక ఉదాహరణ పెట్టుకుని నడుద్దాం. హైదరాబాద్‌లో నలుగురి టీము ఒక చేతి బ్యాండు చేస్తోంది. ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అమ్మానాన్నలు జారిపడితే విదేశాల్లో ఉన్న పిల్లలకు కబురు పంపడం దాని పని. లోపల రెడీమేడ్ మాడ్యూల్, అందులో బ్లూటూత్ లో ఎనర్జీ, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై. మొదట ఇక్కడ అమ్ముతారు, తర్వాత అమెరికాలో, యూరప్‌లో.

1. బోర్డు గీయకముందే ఒక పేజీ రాయండి

ఏ రేడియోలు, ఏ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో, ఎంత పవర్‌తో, ఒంటికి ఎంత దగ్గరగా, ఏ దేశాల్లో, ఎవరి బ్రాండు కింద: ఈ ఆరింటికీ జవాబులు ఒక పేజీలో ఉండాలి. ల్యాబ్‌కి ఫోన్ చేసినా, కన్సల్టెంట్‌ని కలిసినా మొదట అడిగేవి ఇవే.

ఫ్రీక్వెన్సీ బ్యాండు విషయంలో 2.4 గిగాహెర్ట్జ్ అన్నిచోట్లా దొరుకుతుంది, పవర్ పరిమితులే వేరు. మన దేశంలో 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా 2005 నోటిఫికేషన్ ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. యాంటెనా లాభం (ఒక దిశలో సిగ్నల్‌ని అది ఎంత బలపరుస్తుందో ఆ లెక్క) కలుపుకుని 4 వాట్ల దాకా ఒప్పుకుంటారు. యూరప్‌లో అదే లెక్క 100 మిల్లీవాట్లే. అందుకే ఒకే ఫర్మ్‌వేర్‌ని (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌ని) అన్ని దేశాలకూ పంపడం కుదరదు.

లోరా (తక్కువ పవర్‌తో చాలా దూరం పంపే రేడియో) లాంటివి వాడాలనుకుంటే ఇంకా జాగ్రత్త. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్, యూరప్‌లో 868 చుట్టుపక్కల, మన దగ్గర 865 నుంచి 868. అమెరికా కోసం చేసిన 915 మాడ్యూల్‌ని ఇక్కడ ఆన్ చేస్తే ఆ బ్యాండులో కొంత భాగం మన 900 మెగాహెర్ట్జ్ సెల్‌ఫోన్ల అప్‌లింక్‌తో (ఫోను నుంచి టవరుకు వెళ్లే సిగ్నల్‌తో) కలిసిపోతుంది. దానికి ఇక్కడ అనుమతి రాదు.

ఇదే దశలో ఇంకో నిర్ణయం: చిప్పా, మాడ్యూలా? ఉత్త చిప్‌కి సర్టిఫికెట్ ఉండదు. దాన్ని నేరుగా బోర్డు మీద పెడితే మొత్తం సర్టిఫికేషన్ మీ నెత్తిన పడుతుంది. వేలల్లో అమ్ముతామో లేదో తెలియని మొదటి ఉత్పత్తికి నా సలహా, కళ్లు మూసుకుని మాడ్యూల్ తీసుకోండి. ధర తేడా ల్యాబ్ బిల్లు ముందు చిన్నది.

2. గ్రాంట్ తీసి చదవండి, డేటాషీట్ కాదు

డేటాషీట్ మీద 'ఎఫ్‌సీసీ సర్టిఫైడ్' అన్న ముద్ర చూసి ఆగిపోకండి. గ్రాంట్ అంటే ఎఫ్‌సీసీ అనుమతి పత్రం, షరతులు ఉండేది అందులోనే. మాడ్యూల్ మీద ఉన్న ఎఫ్‌సీసీ ఐడీని ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని సెర్చ్ పేజీలో కొట్టండి. ఐడీలో మొదటి భాగం కంపెనీది. అది అంకెతో మొదలైతే ముందు 5 గుర్తులు, అక్షరంతో మొదలైతే ముందు 3. మిగతాది ఉత్పత్తి కోడ్. ఈ విడదీయడం తెలియక 'రికార్డు లేదు' అని వస్తే కంగారుపడేవాళ్లు ఉంటారు.

లోపల గ్రాంట్ పత్రం, టెస్ట్ రిపోర్టులు, ఫొటోలు, మాన్యువల్, ఆర్ఎఫ్ ఎక్స్‌పోజర్ (మనుషులకు తగిలే రేడియో తరంగాల లెక్క) పత్రం కనిపిస్తాయి. గ్రాంట్‌లో అడుగున చిన్న పేరా ఉంటుంది. అసలు కథ అక్కడే. అందులో నాలుగు విషయాలు వెతకండి.

ఇది పూర్తి మాడ్యులర్ అనుమతా, పరిమిత అనుమతా అన్నది మొదటిది. పూర్తి అనుమతికి ఎఫ్‌సీసీ నిబంధనల్లోని 15.212 సెక్షన్ ఎనిమిది షరతులు పెడుతుంది. మాడ్యూల్‌కి సొంత లోహపు కవచం ఉండాలి, సొంత వోల్టేజీ రెగ్యులేషన్ ఉండాలి, డేటా లైన్లకు బఫరింగ్ ఉండాలి, ఒంటరిగా పెట్టి టెస్ట్ చేసి ఉండాలి, ఇలా. వీటిలో ఏదైనా లేకపోతే పరిమిత అనుమతి వస్తుంది. అంటే ఫలానా పరికరంలో, ఫలానా షరతుల్లోనే చెల్లుతుంది. రేకు కవచం లేకుండా చవగ్గా దొరికే మాడ్యూళ్ల దగ్గర ఇది తప్పక చూడాలి.

రెండోది ఎక్స్‌పోజర్ షరతు. 'యాంటెనా మనుషులకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి' అని ఉందా? ఉంటే అది మొబైల్ షరతు. మన చేతి బ్యాండు అప్పుడే గీత దాటేసినట్టు. మూడోది యాంటెనాల జాబితా, ఒక్కోదాని రకం, లాభం. నాలుగోది వేరే ట్రాన్స్‌మిటర్‌తో కలిసి పనిచేయడం గురించిన మాట.

ఫొటోలు కూడా చూడండి. మీ చేతిలో ఉన్న మాడ్యూల్‌తో పోల్చండి. ప్రోటోటైప్ కోసం కోఠీ గుజరాతీ గల్లీలో రెండు ముక్కలు తెచ్చుకోవడం మామూలే, నేనూ తెచ్చుకున్నవాణ్నే. ప్రొడక్షన్ రీళ్లు మాత్రం తయారీదారు అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే, బిల్లుతో కొనాలి.

3. దూరం లెక్క వేయండి

ఇక్కడే కాస్త నిదానంగా ఆగాలి. ఉత్పత్తి తలరాత మారేది ఈ అడుగులోనే.

మొబైల్ కోవలో కొలిచేది గాలిలో పవర్ సాంద్రత. 1.5 గిగాహెర్ట్జ్ పైన సామాన్య ప్రజలకు పరిమితి చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాట్. 20 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న గోళం ఉపరితలం సుమారు 5027 చదరపు సెంటీమీటర్లు. మన వైఫై 18 డీబీఎం, అంటే సుమారు 63 మిల్లీవాట్లు పంపుతోందనుకోండి. యాంటెనా లాభాన్ని పక్కన పెట్టి భాగిస్తే 0.0125 వస్తుంది. పరిమితిలో 80వ వంతు. మొబైల్ కోవలో వైఫై ఇంత తేలిగ్గా గట్టెక్కుతుంది కాబట్టే చాలా మాడ్యూళ్ల తయారీదారులు 20 సెంటీమీటర్ల షరతుతో గ్రాంట్ తీసుకుని ఊరుకుంటారు.

పోర్టబుల్ కోవలో కొలిచేది శరీరం పీల్చుకునే శక్తి, ఎస్ఏఆర్. అమెరికాలో తల, మొండెం దగ్గర పరిమితి కిలోకు 1.6 వాట్లు, 1 గ్రాము కణజాలం మీద సగటు. చేతులు, మణికట్లు, పాదాలకు 10 గ్రాముల సగటు మీద 4 వాట్లు. యూరప్‌లో తలకు, మొండేనికి 10 గ్రాముల సగటు మీద 2 వాట్లు. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి మొబైల్ హ్యాండ్‌సెట్లకు అమెరికా లాంటి 1.6 పరిమితినే పెట్టుకుంది.

ఎస్ఏఆర్ టెస్ట్ ఖరీదైనది, ప్రతి ఉత్పత్తికీ అక్కర్లేదు. పవర్ తక్కువైతే లెక్కతోనే మినహాయింపు దొరుకుతుంది. 1 మిల్లీవాట్ లేదా అంతకన్నా తక్కువ పవర్ ఉన్న ఒంటరి ట్రాన్స్‌మిటర్‌కి దూరంతో పనిలేకుండా మినహాయింపే. ఆపైన ఎఫ్‌సీసీ సూత్రం ఒకటుంది. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర దాన్ని వేసి చూస్తే 5 మిల్లీమీటర్ల దూరానికి సుమారు 3 మిల్లీవాట్లు, 10 మిల్లీమీటర్లకు 10, 20 మిల్లీమీటర్లకు 38 వస్తాయి. ఈ సూత్రం 5 మిల్లీమీటర్ల దగ్గరే మొదలవుతుంది. యాంటెనా చర్మానికి ఇంకా దగ్గరైతే ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఇప్పుడు మన చేతి బ్యాండు చూడండి. బ్లూటూత్ 4 డీబీఎం అంటే 2.5 మిల్లీవాట్లు. 5 మిల్లీమీటర్ల దగ్గర గట్టెక్కింది. వైఫై 63 మిల్లీవాట్లు. ఇరవై రెట్లు పైన ఉంది. పోల్చేది సగటు పవర్ కాబట్టి 'మా బ్యాండు రోజుకు రెండుసార్లే వైఫై వాడుతుంది' అని వాదించాలనిపిస్తుంది. ఒప్పుకోరు. ఆ సగటు పరికరంలోనే, ప్రసార పద్ధతిలోనే ఉన్న పరిమితి వల్ల రావాలి. మనిషి ఎలా వాడతాడన్న అంచనా వల్ల కాదు.

మూడు దారులు మిగులుతాయి. వైఫై పవర్ బాగా తగ్గించడం ఒకటి. అప్పుడు పక్క గదికి కూడా అందదు. ఎస్ఏఆర్ టెస్ట్ చేయించి గ్రాంట్‌ని మార్పించుకోవడం రెండోది. వైఫైని బ్యాండులోంచి తీసేసి బల్లమీద ఉండే చార్జింగ్ డాక్‌లో పెట్టడం మూడోది. బ్యాండు నుంచి డాక్‌కి బ్లూటూత్, డాక్ నుంచి ఇంటి రౌటర్‌కి వైఫై. డాక్ ఒంటికి 20 సెంటీమీటర్ల అవతల ఉంటుంది కాబట్టి మాడ్యూల్ గ్రాంట్ అక్కడ యథాతథంగా చెల్లుతుంది. నేనైతే మూడోది చేస్తాను. బ్యాటరీ కూడా మిగులుతుంది. ఈ ఆలోచన ప్లాస్టిక్ మౌల్డు తయారయ్యాక వస్తే మాత్రం లాభం లేదు.

బ్యాండులో స్పీకరు, మైకు పెట్టి నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడేలా చేస్తే మణికట్టు లెక్క ఒక్కటే చాలదు. ముఖానికి దగ్గరగా పట్టుకున్నప్పటి లెక్క కూడా విడిగా చూపాలి.

4. యాంటెనాను ముట్టుకుంటే ఏమవుతుంది

గ్రాంట్‌లో ఉన్న యాంటెనా రకమే వాడి, లాభం అంతే ఉంటే లేదా తక్కువైతే ఇబ్బంది లేదు. చిప్ యాంటెనాతో అనుమతి పొందిన మాడ్యూల్‌కి డైపోల్ తగిలిస్తే రకం మారిపోయింది, లాభం ఎంత తక్కువైనా సరే. మాడ్యూల్ కాలి (పిన్) నుంచి మీ బోర్డు మీద గీత గీసి యాంటెనా దాకా తీసుకెళ్లే డిజైన్ అయితే ఆ గీత వెడల్పు, పొడవు, కింది గ్రౌండ్, బోర్డు మందం అన్నీ తయారీదారు ఇచ్చిన కొలతల్లోనే ఉండాలి. ఆ గీత కూడా అనుమతిలో భాగం.

చేతి బ్యాండుల్లో ఇంకో తలనొప్పి ఉంది. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉంటాయి, కానీ పక్కన లిథియం బ్యాటరీ, పైన స్టీలు రింగు, కింద ఉప్పునీటి సంచిలాంటి మన చెయ్యి. యాంటెనా ట్యూనింగ్ జారిపోతుంది. రేంజ్ పడిపోతే ఎవరో ఒకరు పవర్ పెంచుదామంటారు. అక్కడ మళ్లీ మూడో అడుగుకి వెళ్లాలి.

5. ల్యాబ్‌కి వెళ్లేముందు

రేడియో భాగానికి మాడ్యూల్ గ్రాంట్ సరిపోయినా, మీ బోర్డు మీద ప్రాసెసరు, డిస్‌ప్లే, చార్జరు సర్క్యూట్ వెదజల్లే విద్యుదయస్కాంత శబ్దానికి అది వర్తించదు. దానికి ఎఫ్‌సీసీ నిబంధనల 15వ భాగంలోని బి ఉపభాగం కింద విడిగా టెస్ట్ చేసి సరఫరాదారు ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటనలో బాధ్యత వహించే వ్యక్తి లేదా సంస్థ అమెరికాలో ఉండాలి. ఇళ్లలో వాడేది కాబట్టి క్లాస్ బి. దాంతోపాటు మాడ్యూల్ ప్రసారం చేస్తుండగా మీ పెట్టెలో పెట్టి కొత్త స్పూరియస్ (అక్కర్లేని) సిగ్నళ్లు పుట్టడం లేదని చూసుకోవడం కూడా మీ బాధ్యతే. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకి ఆనుకుని 2483.5 నుంచి 2500 మెగాహెర్ట్జ్ దాకా నిషిద్ధ బ్యాండు. అక్కడ 3 మీటర్ల దూరంలో సగటు పరిమితి 54 డీబీ మైక్రోవోల్ట్ పర్ మీటర్. పై చానళ్లలో పవర్ పెంచితే చాలాసార్లు మొదట దెబ్బ తగిలేది ఇక్కడే.

ల్యాబ్ ఎంపికలో ఒక మాట. ఎన్ఏబీఎల్ (మన దేశంలో ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్నంత మాత్రాన ఆ రిపోర్టును ఎఫ్‌సీసీ సర్టిఫికేషన్‌కి తీసుకోరు. ఎఫ్‌సీసీ గుర్తించిన ల్యాబుల జాబితాలో అది ఉందో లేదో, ఏ టెస్టులకు ఉందో ముందు చూసుకోండి. ముందస్తు పరీక్షలకు మాత్రం దగ్గర్లో ఏది దొరికితే అది చాలు. ప్రభుత్వానివే హైదరాబాద్‌లో ఎస్‌టీక్యూసీ ల్యాబు ఉంది, చెన్నైలో సమీర్ కేంద్రం ఉంది. అసలు టెస్టుకి ముందు ఒక పూట అక్కడ గడపడం నా దృష్టిలో అత్యుత్తమ పెట్టుబడి.

నా మొదటి ల్యాబ్ యాత్ర చెబుతాను. పరికరం బాగా పనిచేస్తోందని మురిసిపోతూ మామూలు ఫర్మ్‌వేర్‌తోనే వెళ్లాను. ల్యాబ్ ఇంజనీరు అడిగిన మొదటి ప్రశ్న, "అడుగు చానల్‌లో ఆగకుండా ట్రాన్స్‌మిట్ చేయించండి." నా పరికరం సెకనుకోసారి ఒక చిన్న ప్యాకెట్ పంపి నిద్రపోయేది. గంటల లెక్కన డబ్బు కట్టిన చాంబర్లో కూర్చుని ఫర్మ్‌వేర్ రాశాను. మధ్యాహ్నానికి బ్యాటరీ కూడా అయిపోయింది.

అందుకని ఇవి సంచిలో ఉండాలి: అడుగు, మధ్య, పై చానళ్లలో ఆగకుండా ప్రసారం చేసే టెస్ట్ ఫర్మ్‌వేర్. బ్లూటూత్ లో ఎనర్జీకైతే 2402, 2440, 2480 మెగాహెర్ట్జ్ చాలు, డైరెక్ట్ టెస్ట్ మోడ్‌ని సీరియల్ పోర్టు మీద బయటికి తీసి పెట్టండి. యాంటెనా తీసేసి ఆ చోట కోయాక్సియల్ తీగ అతికించిన ముక్క ఒకటి. అమ్మకానికి వెళ్లే రూపంలో కనీసం రెండు ముక్కలు. పెద్ద బ్యాటరీ లేదా బయటి పవర్ తీగ. ఇంకో ల్యాప్‌టాప్.

6. లేబులు, మాన్యువలు

పని చిన్నదే, కానీ మర్చిపోయేది దీన్నే. పెట్టె విప్పకుండా మాడ్యూల్ ఐడీ కనిపించకపోతే బయట 'కంటెయిన్స్ ఎఫ్‌సీసీ ఐడీ' అన్న మాటలు, ఆ నంబరు ఇంగ్లిషులో ఉండాలి. విడదీయరాని డిస్‌ప్లే ఉంటే స్క్రీన్ మీద చూపించవచ్చు, మెనూలో మూడు అడుగులు దాటకుండా. మాన్యువల్లో నిబంధనలు అడిగే హెచ్చరిక వాక్యాలు అక్షరం మార్చకుండా పెట్టండి. వైఫై దేశం కోడ్‌ని కొన్నవాళ్లు మార్చుకునేలా వదలకండి. యూరప్‌లో 13వ చానల్ మామూలే. అమెరికా గ్రాంట్ చాలా మాడ్యూళ్లకు 11 దగ్గరే ఆగిపోతుంది.

7. మన దేశంలో

ఇక్కడ రేడియో అనుమతి చూసేది టెలికాం విభాగంలోని డబ్ల్యూపీసీ. లైసెన్సు అక్కర్లేని బ్యాండుల్లో పనిచేసే పరికరాలకు ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, అందరూ అనేది ఈటీఏ. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో. 2019 నుంచి చాలా రకాల పరికరాలకు స్వీయ ప్రకటన పద్ధతి వచ్చాక ఇది బాగా తేలికైంది. గుర్తింపు పొందిన ల్యాబ్ రిపోర్టు, అందులోని ఫ్రీక్వెన్సీలు, పవర్, మోడల్ పేరు మీ దరఖాస్తుతో అక్షరాలా సరిపోవాలి. రిపోర్టులో మోడల్ పేరు చివర ఒక గీత ఉండి, మీ ఇన్వాయిస్‌లో లేకపోతే కస్టమ్స్ దగ్గర అదే పెద్ద విషయమైపోతుంది.

అమెరికా సర్టిఫికెట్ ఇక్కడ అనుమతి కాదు. దాని కోసం చేసిన టెస్ట్ రిపోర్టు మాత్రం పనికొస్తుంది. ఈటీఏతో పని అయిపోయిందనుకోవద్దు. స్మార్ట్ వాచీలు, చార్జర్లు, బ్యాటరీ సెల్స్ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి రిజిస్ట్రేషన్‌లో ఉన్నాయి. లోపల సిమ్ పెట్టే ట్రాకర్లు, ఐఓటీ గేట్‌వేలు చేస్తుంటే టెలికాం ఇంజనీరింగ్ సెంటర్ నడిపే ఎంటీసీటీఈ (టెలికాం పరికరాల తప్పనిసరి టెస్టింగు, సర్టిఫికేషన్) జాబితాలో మీ ఉత్పత్తి ఎక్కడ పడుతుందో చూసుకోవాలి.

8. యూరప్‌లో

యూరప్‌కి వెళ్లేసరికి ఆట నియమాలే మారిపోతాయి. అక్కడ అమెరికా పద్ధతి మాడ్యులర్ అనుమతి లేదు. 2014లో వచ్చిన రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్ ప్రకారం పూర్తయిన ఉత్పత్తి మీద ఎవరి పేరుంటే వాళ్లదే బాధ్యత. మాడ్యూల్ తయారీదారు ఇచ్చిన రిపోర్టులు మీ ఫైల్లో సాక్ష్యంగా పెట్టుకోవచ్చు. ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్ ప్రమాణం ఈఎన్ 300 328లో తీగ మీద కొలిచే భాగాలు. మీ పెట్టెలో పెట్టాక గాలిలోకి వచ్చే స్పూరియస్, ఈఎంసీ (పక్క పరికరాలకు అడ్డుపడకపోవడం), విద్యుత్ భద్రత, ఎక్స్‌పోజర్ మాత్రం మీరే చూపించాలి. సమన్వయ ప్రమాణాలను పూర్తిగా పాటిస్తే బయటి నోటిఫైడ్ బాడీ (గుర్తింపు పొందిన తనిఖీ సంస్థ) లేకుండానే ప్రకటన రాసి సీఈ గుర్తు వేసుకోవచ్చు. సాంకేతిక ఫైలు 10 ఏళ్లు దాచాలి. యూరప్‌లో మీ తరఫున నిలబడే దిగుమతిదారు లేదా ప్రతినిధి చిరునామా కావాలి.

2025 ఆగస్టు 1 నుంచి సైబర్ భద్రత కూడా ఇందులో చేరింది. ఒంటిమీద ధరించే రేడియో పరికరాలు వ్యక్తిగత సమాచారం పంపితే దాని రక్షణ చూపించాలి. ప్రమాణం ఈఎన్ 18031. అన్ని చేతి బ్యాండులకూ ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి పంపే అలవాటు ఉంటే ఇక్కడ ఆగిపోతారు. మన బ్యాండు ముసలివాళ్ల కదలికలు పంపుతుంది కాబట్టి ఇది నేరుగా తగులుతుంది.

బ్లూటూత్ గుర్తు పెట్టెమీద వేసుకోవాలంటే బ్లూటూత్ సిగ్ (ఆ గుర్తు హక్కులున్న కంపెనీల సంఘం) దగ్గర విడిగా క్వాలిఫికేషన్ ఉంటుంది. అది ప్రభుత్వ అనుమతి కాదు, రెండింటినీ కలపకండి.

9. ఆ తర్వాత మార్పులు

ఎఫ్‌సీసీ మార్పులను మూడు తరగతులు చేసింది. పనితీరు చెడని చిన్న మార్పు మొదటి తరగతి, దరఖాస్తు అక్కర్లేదు. కొత్త యాంటెనా రకం, 20 సెంటీమీటర్ల నుంచి ఒంటిమీదికి మారడం లాంటివి రెండో తరగతి, కొత్త రిపోర్టులతో దాఖలు చేయాలి. మూడోది సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలకే.

ఇందులో చాలామందికి తెలియని చిక్కు: రెండో తరగతి మార్పు దాఖలు చేసే హక్కు గ్రాంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే. మీరు మాడ్యూల్ కొన్నంత మాత్రాన వాళ్ల గ్రాంట్‌ని మార్చలేరు. వాళ్లను అడగాలి, లేదా వాళ్ల అనుమతి లేఖతో అదే మాడ్యూల్‌ని మీ ఐడీ కిందికి మార్పించుకుని, ఆపైన మీరే మార్పు దాఖలు చేయాలి. మీరే దరఖాస్తుదారు అయ్యారంటే అమెరికాలో నోటీసులు అందుకునే ఏజెంటును కూడా చూపించాలి. నెలకు వంద మాడ్యూళ్లు కొనే కస్టమర్ ఉత్తరానికి పెద్ద తయారీదారు ఎంత త్వరగా జవాబిస్తాడో ఊహించుకోండి. అందుకే కొనుగోలు మాట్లాడేటప్పుడే, మొదటి ఆర్డరు ఇవ్వకముందే, ఆ లేఖ ఇస్తారా అని మెయిల్లో రాయించుకోండి. తయారీదారు పంపే మార్పు నోటీసుల మెయిలింగ్ జాబితాలో కొనుగోళ్లు చూసే మనిషితోపాటు బోర్డు గీసిన మనిషి పేరు కూడా చేర్చండి.